నర్సులు మందులు రాసే అధికారం: చరిత్ర

తగిన ఔషధశాస్త్ర శిక్షణ పొందిన నర్సు రోగిని స్వయంగా పరీక్షించి, డాక్టరు సంతకంతో పనిలేకుండా మందు చీటీ రాయడానికి చట్టం ఇచ్చే అధికారం ఇది. దీని పరిధి దేశదేశానికీ మారుతుంది. అమెరికాలోనైతే రాష్ట్రానికో తీరు.

మంత్రసానులు, మఠాల్లో రోగులకు సేవ చేసినవారు శతాబ్దాల తరబడి మందులు ఇస్తూనే వచ్చారు. 19వ శతాబ్దంలో వైద్యుల రిజిస్టర్లు వచ్చాక మందు ఏదో తేల్చడం డాక్టరు పని, వేయడం నర్సు పని అన్న విభజన స్థిరపడింది.

ఈ విభజన అన్నిటికన్నా పద్ధతిగా సడలింది బ్రిటన్‌లో. ఇళ్లకు వెళ్లి మానని పుండ్లకు కట్టు కట్టే డిస్ట్రిక్ట్ నర్సు, ఏ డ్రెస్సింగ్ వాడాలో తానే తేల్చుకునేది. చీటీ మీద సంతకం కోసం మాత్రం డాక్టరు క్లినిక్‌లో కాచుకు కూర్చునేది. సంతకం పెట్టే డాక్టరు చాలాసార్లు ఆ పుండును చూసి ఉండడు కూడా. జూలియా కంబర్‌లెజ్ నేతృత్వంలో 1986లో వచ్చిన నివేదిక ఈ తంతును ఎత్తిచూపి, కొన్ని వస్తువులనైనా నర్సులే రాసుకునే వీలు కల్పించమంది. డాక్టర్ జూన్ క్రౌన్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 1989లో దాన్ని బలపరిచింది. ఎంపీ రోజర్ సిమ్స్ ప్రవేశపెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లు 1992లో చట్టమైంది. 1994లో ఎనిమిది చోట్ల ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు నర్సుల జాబితాలో ఉన్నవి డ్రెస్సింగులు, కాథెటర్ సామగ్రి, విరేచనకారులు, పారాసిటమాల్, పేల మందు వంటివే. ఇంత చిన్న జాబితాకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ తర్వాత వేగం పెరిగింది. క్రౌన్ రెండో నివేదిక 1999లో వచ్చింది. 2002లో జాబితా విస్తరించింది. 2003లో, డాక్టరూ నర్సూ రోగీ ఒప్పుకున్న చికిత్సా ప్రణాళికకు లోబడి నర్సు మందులు మార్చే పద్ధతి అమల్లోకి వచ్చింది. 2006 మే 1 నుంచి, అర్హత పొందిన నర్సులు తమ నైపుణ్యం మేరకు దాదాపు అన్ని మందులూ రాయవచ్చు. నియంత్రిత ఔషధాల్లో ఎక్కువ భాగానికి మాత్రం 2012 దాకా ఆగాల్సి వచ్చింది. 2006 నాటి మార్పును, డాక్టర్లకున్నంత శిక్షణ నర్సులకు లేదంటూ, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బాహాటంగానే వ్యతిరేకించింది.

ఆ అభ్యంతరానికి జవాబు శిక్షణలోనే ఉంది. అప్పటి కోర్సు పకడ్బందీది: 26 రోజుల బోధన, డాక్టరు పర్యవేక్షణలో మరో 12 రోజుల సాధన. మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు తగ్గించడం, ఒక మందు మరో మందుతో పడకపోవడం, గర్భిణులకు, పసిపిల్లలకు వాడకూడనివి అందులో ముఖ్యాంశాలు. చీటీ రాసే చేతి పొరపాట్ల మీదా అంతే పట్టింపు ఉంటుంది. ఇన్సులిన్ పది యూనిట్లని రాస్తూ యూనిట్‌కు గుర్తుగా ‘యు’ అక్షరం ఒక్కటే పెడితే, అది సున్నాలా కనిపించి పది కాస్తా వంద అవుతుంది; అందుకే యూనిట్లు అని పూర్తిగా రాయాలి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. దానికి చీటీలో వారంలో ఏ రోజు వేసుకోవాలో కూడా రాయాలి.

అమెరికాలో లొరెటా ఫోర్డ్, డాక్టర్ హెన్రీ సిల్వర్ 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించారు. 1971లో ఐడహో చట్టం వీరి పాత్రను గుర్తించింది. నియంత్రిత ఔషధాలు రాసే అనుమతి ఫ్లోరిడాలో 2017లో గానీ అమల్లోకి రాలేదు. స్వీడన్‌లో డిస్ట్రిక్ట్ నర్సులకు 1994లో, ఐర్లాండ్‌లో 2007లో పరిమిత అధికారం దక్కింది.

భారతదేశంలో షెడ్యూల్ హెచ్ మందులు రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ మీదే అమ్మాలి. ఆ హెచ్చరిక మందు అట్ట మీదే అచ్చయి ఉంటుంది, అమలు సంగతి వేరు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు ప్రాథమిక వైద్యంలో, నిర్దేశించిన మందులు రాసే పరిమిత లైసెన్సుకు దారి వేసింది. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సును భారత నర్సింగ్ మండలి రూపొందించింది. తెలంగాణలో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్లపై మార్గదర్శకాలు విడుదల చేసింది.