ఉనాసుర్ (దక్షిణ అమెరికా దేశాల కూటమి)

ఉనాసుర్ దక్షిణ అమెరికాలోని 12 స్వతంత్ర దేశాలు ఏర్పరచుకున్న ప్రాంతీయ రాజకీయ కూటమి. 2008 మే 23న బ్రసీలియాలో కుదిరిన ఒప్పందం 2011 మార్చి 11న అమల్లోకి వచ్చింది. సచివాలయం ఈక్వడార్ రాజధాని కీటో సమీపంలో వెలసింది. విదేశాంగ వైఖరుల్లో వైరుధ్యం, జనాకర్షక నాయకత్వాల ధోరణి కలిసి పదేళ్లకే ఈ కూటమిని చీల్చాయి.

నేపథ్యం

అప్పటి బ్రెజిల్ అధ్యక్షుడు లూలా ఉనాసుర్‌ను ఖండం తన వ్యవహారాలు తానే చక్కబెట్టుకునే వేదికగా భావించాడు. చమురు ఆదాయంతో పేదల మద్దతు కూడగట్టిన వెనిజులా అధ్యక్షుడు చావెజ్‌కు అమెరికా పెత్తనాన్ని ఎదిరించడం ముఖ్యం. కొలంబియా మాత్రం అప్పట్లో అమెరికాకు సన్నిహిత సైనిక భాగస్వామి.

తొలి విజయాలు

2008 సెప్టెంబరులో బొలీవియా రాజకీయ సంక్షోభ సమయంలో నాయకులు సాంటియాగోలో సమావేశమై, ఎన్నికైన ప్రభుత్వానికి అండగా నిలిచారు. 2010లో కొలంబియా, వెనిజులాల మధ్య తెగిన దౌత్య సంబంధాలను తిరిగి కలపడంలో ప్రధాన కార్యదర్శి నెస్టర్ కిర్చ్‌నర్ తోడ్పడ్డాడు.

చీలిక

ఈ ఐక్యత అధ్యక్షుల పరస్పర స్నేహం మీద నిలిచింది, పటిష్ఠమైన సంస్థల మీద కాదు. నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి. అందువల్ల ఎన్నికల్లో అధికారం చేతులు మారినప్పుడల్లా కూటమి పునాది కదిలింది. 2017 జనవరిలో ఖాళీ అయిన ప్రధాన కార్యదర్శి పదవికి అర్జెంటీనా ప్రతిపాదించిన అభ్యర్థిని వెనిజులా అడ్డుకుంది. ఆ ప్రతిష్టంభన తీరకపోవడంతో 2018 ఏప్రిల్‌లో అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, కొలంబియా, పరాగ్వే, పెరూ తమ భాగస్వామ్యాన్ని నిలిపివేశాయి. ఆ తర్వాత కొలంబియా, ఈక్వడార్ వైదొలగుతున్నట్లు ప్రకటించాయి. 2019 మార్చి 22న సాంటియాగోలో ప్రోసుర్ అనే ప్రత్యామ్నాయ వేదిక పుట్టింది. అందులో చావెజ్ తర్వాత వెనిజులా అధ్యక్షుడైన మదురో ప్రభుత్వానికి చోటు దక్కలేదు.

ఈ చీలిక మూల్యం సామాన్యులు చెల్లించారు. వెనిజులా సంక్షోభం వల్ల 70 లక్షలకు పైగా పౌరులు ఆ దేశం విడిచారు. వారిలో అత్యధికులు లాటిన్ అమెరికాలోని ఇతర దేశాలకే చేరారు. వెనిజులా, వలసదారులు చేరిన దేశాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవలసిన ఆ సమయంలోనే ఉమ్మడి వేదిక మూతబడింది.

పునరుద్ధరణ

2023లో బ్రెజిల్, అర్జెంటీనా తిరిగి చేరాయి. మే 30న, మళ్లీ అధ్యక్షుడైన లూలా బ్రసీలియాలో ఖండం నాయకులను సమావేశపరిచాడు. అక్కడ ఆయన మదురోను సమర్థించిన తీరును ఉరుగ్వే మితవాద అధ్యక్షుడు లకాయె పోవుతో పాటు, చిలీ వామపక్ష అధ్యక్షుడు బోరిక్ కూడా తప్పుపట్టాడు. వామపక్ష ప్రభుత్వాలు తిరిగి వచ్చినంత మాత్రాన పాత ఐక్యత తిరిగి రాదని అది స్పష్టం చేసింది. అధ్యక్షులు మారినా నిలిచే నియమాలు లేనిదే ఈ కూటమికి మనుగడ లేదు.