రుజువు కోరిన లేఖ

ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము పట్టణములలో బిడ్డలను అమెరికాకు చదువులకు పంపిన గృహములు నేడు అనేకములు. ఆ బిడ్డలలో కొందరు చదువు ముగించి, ప్రయోగశాలలలో కుదురుకొని, అచ్చట శాశ్వతముగా నివసించుటకు అనుమతి కోరుచు పిటిషను పెట్టుకొందురు. ఆ అనుమతి పత్రమునే లోకము గ్రీన్ కార్డు అని పిలుచుచున్నది. కొన్ని మాసములు గడచును. ఒక రాత్రి ఫోను మ్రోగును. "నాన్నగారూ, ఇంకను రుజువులు పంపవలెనని లేఖ వచ్చినది" అని ఆవలనుండి మాట వినబడును. ఆ రాత్రి ఇంటిలో ఎవరికిని నిద్ర పట్టదు. పిటిషను కొట్టివేసినారేమో యని తల్లికి భయము. లాయరు ఏదో పొరపాటు చేసెనేమో యని తండ్రికి అనుమానము.

ఆ లేఖ తిరస్కారము కాదు. మీరు పంపిన కాగితములతో నేనొక నిర్ణయమునకు రాలేకున్నాను, ఈ ఈ విషయములు ఇంకను తేటపరుపుడు అని అధికారి అడుగుటయే దాని భావము. పరదేశములో నివసింపగోరు విద్వాంసుని "నీవెవరు? నీవిచ్చట ఉండుటకు ఆధారమేమి?" అని ప్రభుత్వము ప్రశ్నించుట క్రొత్త సంగతియు కాదు. ఒకప్పుడు ఈ ప్రశ్న మన గోదావరి యొడ్డుననే పుట్టినది. అప్పుడు విద్వాంసుడు ఐరోపావాడు, పరదేశము మనది.

భద్రాచలము రేవున నిలిచి ఎదుటి సారపాక యొడ్డును చూచువారికి నేడు నదిపై వంతెనయే కనబడును. 1940లో ఆ నీరే సరిహద్దు. భద్రాచలము మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆవలి యొడ్డు నిజాము రాజ్యము. వియన్నా నగరమున 1909లో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అంతకు కొలది కాలము ముందు, 1939లో, మన దేశమునకు రెండవసారి వచ్చియుండిరి. మొదటిసారి 1936లో వచ్చి నాగాకొండలలో పరిశోధన చేసిరి. ఈ రెండు రాకల నడుమ, 1938లో, జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొనెను. దానితో ఆయన చేతిలోని పాస్‌పోర్టు జర్మను పాస్‌పోర్టయ్యెను. యుద్ధము ఆరంభము కాగానే బ్రిటిష్ అధికారుల దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. ఆయనను నిర్బంధించి, పిమ్మట హైదరాబాదు రాజ్యము దాటిపోరాదను నియమముతో విడిచిపెట్టిరి. పరిచయస్థులైన అధికారుల మంచిమాట ఆయనకు తోడ్పడినది. ఆ సంగతి దాచనక్కరలేదు.

ఆ హద్దులలోనే ఆయన భార్య బెట్టీతో కూడ అడవులు పట్టిరి. నల్లమలలో చెంచుల నడుమ నివసించిరి. పిమ్మట గోదావరి తీరమునకు వచ్చి పాపికొండలలోని కొండరెడ్ల గ్రామములలో మకాము వేసిరి. పోడు నరకుట, జీలుగు కల్లు తీయుట మొదలు వెదురు కూపులలో షావుకారుల అప్పులకు లోబడి రెడ్లు చేయు చాకిరి వరకు ఆయన చూచి వ్రాసిరి. చెంచులపై గ్రంథము 1943లోను, "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అను గ్రంథము 1945లోను వెలువడినవి. శత్రుదేశీయుడని ఆయనను కట్టడి చేసిన ఆంగ్ల ప్రభుత్వమే 1944లో, యుద్ధమింకను సాగుచుండగనే, ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతమునకు ఆయనను ప్రత్యేకాధికారిగా పంపెను. తరువాత నిజాము ప్రభుత్వము గిరిజన వ్యవహారములలో ఆయనను సలహాదారుగా నియమించెను. పాస్‌పోర్టు ఒకటి చెప్పినది, పని మరియొకటి చెప్పినది. పాలకులు తుదకు పనినే నమ్మిరి. అయితే ఆ నమ్మకమునకు వ్రాతపూర్వకమైన కొలత యేదియు లేదు. పరిచయములు లేని మరియొక పండితుని గతి ఏమగునో చెప్పజాలము.

ఆ సంవత్సరములలోనే సముద్రములకావల ఒక తెలుగువాడు ఇట్టి ప్రశ్ననే ఎదుర్కొనుచుండెను. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయముతోను, మామగారి సాయముతోను 1923 అక్టోబరులో బోస్టను చేరిరి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా సుప్రీముకోర్టు భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యములో తీర్పు చెప్పియుండెను. థిండ్ పంజాబు సిక్కు. మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యమున పనిచేసినవాడు. అయినను భారతీయుడు సామాన్యజనుల వాడుకలో తెల్లవాడు కాడు గనుక పౌరసత్వమునకు అర్హుడు కాడని కోర్టు నిర్ణయించెను. నాటి చట్టము కోరిన రుజువు పుట్టుక ఒక్కటే. ఎంత పని చేసినను దానికది బదులు కాజాలదు.

సుబ్బారావుగారు ఆ తీర్పు నీడలోనే పాతిక సంవత్సరములు పరిశోధన సాగించిరి. 1925లో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థములను ఆ యిరువురే గుర్తించిరి. హార్వర్డులో స్థిరమైన పదవి లభింపకపోగా 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, అచ్చట పరిశోధనకు నాయకులైరి. ఫోలిక్ ఆమ్లము తయారీ, బోదకాలునకు వాడు హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ అగు ఆరియోమైసిన్, బోస్టనులో డాక్టర్ ఫార్బర్ రక్తపు కాన్సరు గల పిల్లలకిచ్చిన ఎమినోప్టెరిన్, ఇవన్నియు ఆయన నాయకత్వమున వెలువడినవే. సంవత్సరమునకు 100 మంది భారతీయులకు ప్రవేశమును, పౌరసత్వపు హక్కును ఇచ్చు చట్టము 1946 జూలైలో వచ్చెను. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. అప్పటికిని ఆయన ఆ దేశమున పరదేశియే.

1965 చట్టము జాతులనుబట్టి సంఖ్యలు పంచు పద్ధతిని తొలగించెను. 1990 చట్టము విద్వాంసులకు ప్రత్యేకమైన త్రోవలు తెరచెను. అసాధారణ ప్రతిభగలవాడనని చెప్పుకొనువాడు మహత్తరమైన ఏకైక బహుమానమేదియు లేనిచో పది లక్షణములలో కనీసము మూడింటిని చూపవలెను: బహుమానములు, ఇతరుల పనిని పరీక్షించుట, శాస్త్రమునకు ముఖ్యమైన క్రొత్త చేర్పు, వ్యాసములు, ప్రసిద్ధ సంస్థలలో ప్రధాన స్థానము మొదలగునవి. మూడు చూపినను చాలదు. అన్నిటిని కలిపి చూచి అధికారి తూకము వేయును. తన పని దేశమునకు ప్రయోజనకరమైనది గనుక ఉద్యోగమిచ్చు యజమాని ప్రమేయము లేకయే అనుమతింపుడని కోరుట మరియొక త్రోవ. దానికి నేటి కొలతలు 2016 డిసెంబరునాటి ధనసార్ నిర్ణయములో ఏర్పడినవి. ధనసార్ అతివేగ విమాన చోదకశక్తిపై పనిచేసిన పరిశోధకుడు. క్రింది అధికారి కాదన్న పిటిషనును అప్పీలు కార్యాలయము అంగీకరించెను.

సుబ్బారావుగారికే ఈ లేఖ వచ్చియుండినచో ఏమగును? ఈ ఊహ మమ్ములను చాలకాలముగా వెంటాడుచున్నది. ఆయన తన పేరు ముందుంచుకొనలేదు. ఆరియోమైసిన్ కీర్తి డగ్గర్‌కు, రక్తపు కాన్సరు చికిత్స కీర్తి ఫార్బర్‌కు చేరినవి. కాని భాస్వరము కొలుచు పద్ధతి వేలాది వ్యాసములలో పేర్కొనబడినది. ఎరుగని ప్రయోగశాలలవారు దానిని దినదినము వాడిరి. హార్వర్డులో ఆయనతో పనిచేసి, 1988లో నోబెల్ బహుమానము పొందిన హిచింగ్స్, సుబ్బారావు వేరుపరచిన కొన్ని పదార్థములను తరువాతివారు మరల కనుగొనవలసివచ్చెననియు, ఫిస్కే వాటిని వెలుగులోనికి రానీయలేదనియు చెప్పిరి. రుజువు ఉన్నది, అది ఇతరుల చేతులలో ఉన్నది. లేఖకు ప్రత్యుత్తరము వ్రాయుటలోని కష్టమంతయు ఇదియే. తన పని ఎవరికి, ఎట్లు ఉపయోగపడెనో వారిచేతనే చెప్పింపవలెను. సిగ్గరికి ఇది ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఈ విషయమున నేటి చట్టము డప్పు కొట్టుకొనువానికి కొంత అనుకూలమని మా అభిప్రాయము.

కావున సాక్ష్యపు ఉత్తరములలో "మహామేధావి" అను పొగడ్త పది పర్యాయములు వ్రాసినను ఫలము లేదు. "ఈ పద్ధతిని మా ప్రయోగశాలలో ఈ పనికి వాడితిమి, ఫలితమిది" అను ఒక్క వాక్యము మేలు. అందును ఎన్నడు కలిసి పనిచేయని శాస్త్రజ్ఞుడు అట్లు వ్రాసినచో బరువు హెచ్చు. అధికారి ఏ లక్షణము రుజువు కాలేదనెనో దానికే సమాధానము చెప్పవలెను. గడువు ఎంత హెచ్చైనను 84 దినములు, తపాలా నోటీసునకు మూడు దినములు కలుపుదురు, పొడిగింపు లేదు. కాగితములన్నియు ఒక్క పర్యాయమే పంపవలెను, సగము నేడు సగము రేపు అనుటకు వీలులేదు. పిటిషను పెట్టిన దినమునాటికి అర్హత ఉండితీరవలెను; ఆ పిమ్మట అచ్చైన వ్యాసము లేని అర్హతను తెచ్చిపెట్టదు. తెలుగు కాగితమునకు పూర్తి ఆంగ్లానువాదము, అనువదించినవాని ధ్రువీకరణము జతపరుపవలెను.

ఇంతయు అయి పిటిషను నెగ్గినను కార్డు వెంటనే రాదు. ఏ దేశమున పుట్టినవారికైనను ఒక్క సంవత్సరములో నూటికి 7 వంతులకు మించి ఇయ్యరు. అందుచేత భారతదేశమున పుట్టినవారు ఏండ్లతరబడి వరుసలో నిలువవలసియున్నది. 1923లో తలుపు మూసిన పుట్టుక ఇప్పుడు పెరటి త్రోవన మరల లోనికి వచ్చి కూర్చున్నది. తుది ఘట్టమున జననపత్రము అడుగుదురు. మన ప్రాంతమువారికి అసలు చిక్కు అచ్చట ఎదురగును.

భద్రాచలము 1953లో ఆంధ్ర రాష్ట్రములోనికి, 1959లో ఖమ్మము జిల్లాలోనికి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది. వేలేరుపాడు మండలములోని కొయిద గోదావరి యొడ్డు గ్రామము. 1953 వరకు వరంగల్లు జిల్లా, పిమ్మట ఖమ్మము, 2014లో పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు. ఊరు కదలలేదు, పేరు మారలేదు. బడి సర్టిఫికెటులో ఒక జిల్లా, పాస్‌పోర్టులో మరియొక జిల్లా. అమెరికాలోని అధికారికి ఇది రెండు వేరు ఊళ్లుగా తోచుటలో వింత లేదు. జిల్లా మార్చిన ప్రభుత్వోత్తరువు ప్రతిని జతపరచి, నాలుగు పంక్తులలో సంగతి విన్నవించుట మంచిది. పోలవరము ముంపులో ఖాళీ అయిన గ్రామములవారు తమ బడి రికార్డులు ఎచ్చటికి తరలినవో ముందే కనుగొని ఉంచుకొనవలెను.

ఏజెన్సీ గూడెములలో పుట్టుక నమోదు కానివారును ఉన్నారు. అట్టివారు నమోదు లేదని స్థానికాధికారి ఇచ్చు పత్రముతోపాటు బడి రికార్డులను, ఆ పుట్టుకను స్వయముగా ఎరిగినవారి ప్రమాణపత్రములను పంపవచ్చును. పరిశోధకుని పనికి సాక్షులను ఖండఖండాంతరములలో వెదకవలసియుండును. పుట్టుకకు మాత్రము ఆ రాత్రి నిద్రపట్టక కూర్చున్న తల్లియే సాక్షి. నోటరీ యెదుట ఆమె చేయు సంతకము గాని, వేయు వేలిముద్ర గాని ఆ కట్టలో చేరును.