రథమును నిలుపు సంధులు

రథోత్సవమునాడు మనము స్వామిని దర్శింతుము, పగ్గము పట్టి లాగుదుము. అంతటి భారము వీధి కుదుపులకు ఊడిపోక ఎట్లు నిలుచుచున్నదో మాత్రము ఆలోచింపము.

ఇనుప పట్టాలు, సీలలు కొన్ని ఉన్నను, రథమునకు ప్రాణము కొయ్య అతుకులే. ఒక దూలము కొనను నాలుకవలె చెక్కినది కుసి. రెండవ దూలమున దానికి సరిగా తొలిచినది బెజ్జము. రెండింటిని కూర్చి, అడ్డముగా రంధ్రము వేసి, బాగుగా ఎండిన కొయ్యచీలను దిగగొట్టుదురు. చీల గాలిలోని తేమకు ఉబ్బి అతుకును మరింత బిగించును. ఇనుప మేకు తుప్పుపట్టినచో చుట్టునున్న కొయ్యను కూడ చెరచును. కొయ్య అతుకు కుదుపునకు కొంచెము లొంగి నిలుచును. వ్యాకరణమున పదముల కలయికవలె శిల్పశాస్త్రమున దీనికిని సంధి యనియే పేరు. మయమతము, మానసారము సంధికర్మకు ప్రత్యేకముగా ఒక్కొక్క అధ్యాయమునే కేటాయించినవి.

పూరీలో జగన్నాథ, బలభద్ర, సుభద్రల రథములను ఏటేటా క్రొత్తగా నిర్మింతురు. అక్షయ తృతీయనాడు పని ఆరంభమై, ఆషాఢ శుద్ధ విదియనాటికి 16, 14, 12 చొప్పున మొత్తము 42 చక్రములతో మూడు రథములు సిద్ధమగును. ఉత్సవానంతరము వాటిని విప్పివేయుదురు. ఇంత శ్రమ ఏటేటా ఎందులకని కొందరు అడుగుదురు. మాకు తోచిన సమాధానమిది: తండ్రి ప్రక్కన నిలిచి కుమారుడు ప్రతి సంవత్సరము ఉలి పట్టుటచే, రథము పోయినను విద్య నిలుచుచున్నది.

మన తెలుగునాట అనేకాలయములలో ఒకే రథము దశాబ్దముల తరబడి సాగును. కావున ఒక వడ్రంగికి తన జీవితమున క్రొత్త రథము చేయు అవకాశమే రాకపోవచ్చును. 2020 సెప్టెంబరులో అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము అగ్నికి ఆహుతియైనపుడు భక్తుల హృదయములు తల్లడిల్లినవి. అయినను 2021 ఫిబ్రవరిలో, రథసప్తమినాటికి, క్రొత్త రథము సిద్ధమయ్యెను. కలపను ధనముతో కొనవచ్చును. దానిని రథముగా కూర్చు చేతులు ఆనాటికి మిగిలియుండుటయే మన భాగ్యము.

కావున మన ఆలయ రథమునకు మరమ్మతు జరుగునపుడెల్ల పెద్ద వడ్రంగి ప్రక్కన ఒక యువకుని నిలుపుదము. అతని కూలిని కూడ స్వామి కైంకర్యముగానే భావింతము. పగ్గము పట్టుటకు ముందు ఆ సంధులను కూర్చిన చేతులకు ఒక నమస్కారము చేయుదము.