885/63



885/63. ఈ అంకెలు చూడగానే మనవంటి పాత గుమాస్తాలకు 1963వ సంవత్సరపు ఫైలు ఏదో మనసులో మెదులుతుంది. కాని ఇది ఒక మనిషి నెంబరు. దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైలుకు ఆ ఏడాది వచ్చిన 885వ ఖైదీ అని అర్థం. ఆయన పేరు ఇంద్రెస్ నాయుడు.

వీరి తాతగారు తంబి నాయుడు మారిషస్‌లో పుట్టి దక్షిణాఫ్రికా చేరినవారు. ఆయన తమిళుడనీ, కొంత తెలుగు కూడా వచ్చుననీ గాంధీజీ వ్రాశారు. 1908 జనవరిలో ఆయన గాంధీజీతో పాటు జైలుకు వెళ్లారు. ఫిబ్రవరిలో గాంధీజీపై దాడి జరిగినప్పుడు అడ్డుపడి తానూ దెబ్బలు తిన్నారు. తన కుమారులను గాంధీజీకి అప్పగించి ఇండియాకు పంపారు. వారిలో ఒకరు ఇంద్రెస్ తండ్రిగారు.

అంతటి సత్యాగ్రహి మనుమడు పేలుడు మందు చేతబట్టడం వింతగా తోచవచ్చు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసును నిషేధించారు. శాంతి మార్గం మూసుకుపోయిందని తలచి మండేలా ప్రభృతులు 1961లో సాయుధ దళం స్థాపించారు. అందులో చేరిన ఇంద్రెస్ 1963 ఏప్రిల్‌లో జోహాన్నెస్‌బర్గ్‌లో రైల్వే ఆస్తి పేల్చివేత కేసులో పట్టుబడ్డారు. శిక్ష పదేళ్లు.

ఆ జైలులో తిండికీ బట్టకీ రూల్సు ఉండేవి. భారతీయ ఖైదీకి రొట్టె, నిండు ప్యాంటు. నల్లజాతి ఖైదీకి రొట్టె లేదు, ఇచ్చేది నిక్కరు. ఒకే శిక్ష, ఒకే రాళ్ల పని, రేషను మాత్రం చర్మం రంగును బట్టి! దీనికీ ఎవరో ఒక గుమాస్తా పట్టిక తయారుచేసే ఉంటాడు.

1973లో విడుదలై, 1977లో దేశం విడిచి, ప్రవాసంలోనూ పోరాటం సాగించారు. 1994లో అందరికీ ఓటు వచ్చాక సెనేటు సభ్యులయ్యారు. ఆ పార్లమెంటు కేప్‌టౌన్‌లో ఉంది. ఎదురుగా సముద్రంలో కనిపించేదే రాబెన్ దీవి. 2016 జనవరిలో వారు కన్నుమూశారు.

జైలు నుండి చట్టసభకు వెళ్లడం మనకు కొత్త కాదు. మన ప్రాంతపు కల్లూరు సుబ్బారావుగారు స్వాతంత్ర్య పోరాటంలో జైలు చూసి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

చివరగా నా మాట ఒకటి. సర్వీసులో ఉండగా ఒక వృద్ధురాలి పింఛను దరఖాస్తును నెంబరు సరిగా లేదని రెండుసార్లు తిప్పి పంపాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. మూడోసారి ఆమె రాలేదు. ఆ ఫైలు నెంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె పేరు మాత్రం గుర్తు లేదు.

ఇప్పుడు మనమే ఏటా బ్రతికి ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటున్నాము. మన పిల్లల్లో, మనుమల్లో కచేరీలలో కూర్చున్నవారు ఉన్నారు. నెంబరు వెనుక మనిషి ఉంటాడని వారికి చెప్పండి. అందుకే 885/63 గురించి వ్రాశాను.