ఓడ బొమ్మా, దండెం కర్రా

మా మనవరాలిని బళ్ళో పాతకాలపు ఓడ బొమ్మ గీసుకు రమ్మన్నారట. ఆ పిల్ల పుస్తకం నా ఒళ్ళో పడేసి ఆటకి పోయింది. ముగ్గులు పెట్టిన చేతికి ఓడ ఒక లెక్కా అనుకున్నాను.

చరిత్ర పుస్తకంలో సీసపు నాణెం ఫొటో ఒకటి దొరికింది. క్రీస్తుశకం రెండో శతాబ్దం చివర యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించినది. దాని మీద రెండు కొయ్యల ఓడ. అది చూసే వేశాను. అడుగుభాగం అరటిదొప్పలా చక్కగా వంపు తిరిగింది. తెరచాపలు నేనే కల్పించాను. తాళ్ళు మాత్రం, అందానికి, జడకుచ్చుల్లా అక్కడక్కడ వేలాడదీశాను. మా వారు చూసి, "బావుంది, పెళ్ళిపందిరి ప్రయాణం కట్టింది" అన్నారు.

మా కొబ్బరికాయల లెక్క చూసే ముసలాయన వయసులో ఉండగా గోదావరి మీద తెరచాప పడవ నడిపిన మనిషి. బొమ్మ చూసి మొహమాటపడుతూనే, "ఈ కొయ్యలు పడిపోతాయండి అమ్మగారూ" అన్నాడు.

"ఎందుకూ?"

పెరట్లో దండెం చూపించాడు. "తడిబట్టలేస్తే కర్ర ఇటు వాలిపోతందని అటేపు తాడు లాగి మేక్కి కట్టారు కదండీ. గాలి తోస్తే కొయ్య ముందుకు వాలుద్దండి. వెనకనించి పట్టుకునే తాడేదండీ మరి? ఆయ్."

నిజమే! వెనక్కొకటి, గాలి తిరిగితే ఆపడానికి ముందుకొకటి, పక్కలకి వాలకుండా అటూ ఇటూ. ఇవి కదలని తాళ్ళు. తెరచాప కట్టిన అడ్డకర్రను పైకెత్తేవి, చాప అంచుని గాలివాటానికి లాగి పట్టేవి వేరు. అవి మనిషి చేతిలో ఉండాలి. పై కొస ఎక్కడో, కింది కొస ఎక్కడో తెలియకుండా ఒక్క తాడూ గియ్యకూడదన్నమాట.

మళ్ళీ నాణెం ఫొటో మీద భూతద్దం పెట్టాను. కొయ్యల తలల నుంచి ఓడ కొసలకి ఏటవాలుగా గీతలు! గీకుళ్ళనుకుని వదిలేసినవి అవే. అంత చిన్న బిళ్ళ మీద, చోటు చాలకపోయినా, అచ్చు చెక్కినవాడు తాళ్ళు మానలేదు. రేవులో నిలబడి చూసినవాడే అయి ఉంటాడు. నాలాగా పుస్తకం చూసి కాదు.

మనది ఓడల సీమే కదా. రాజోలుకి అవతలి గట్టున నరసాపురం. 1614లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మరమ్మతుకి అక్కడికే వచ్చింది. ఇటు యానాం దగ్గర కోరంగి. ఈ తీరపు దోనె కొలతలు 1834లో జాన్ ఎడై అనే నౌకానిర్మాణాధికారి అచ్చువేశాడు: పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, కొయ్య ఒకటే. మొరటు పని, సముద్రానికి పనికిరాదని ఈసడించాడు కూడా. ఈసడిస్తే ఈసడించాడు, కొలిచి రాసిపెట్టాడు. ఐదేళ్ళకే, 1839 నవంబరులో, తుపాను ఉప్పెన కోరంగిని ముంచేసింది.

రెండో బొమ్మ రాత్రి కూర్చుని గీశాను. ముసలాయన ఒక్కో తాడునీ పైనుంచి కిందిదాకా వేలితో తడిమాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ ముడేదండీ?" అన్నాడు. రేపు మోకు ముక్క తెచ్చి వేసి చూపిస్తానని వెళ్ళాడు.

పిల్ల బొమ్మ ఇవ్వాల్సింది ఇవాళే. ఇవ్వనీండి, నేను ఇంకోటి గీసుకుంటాను.