కూల్డ్రే దొర చేరదీసిన కుర్రవాళ్లు

డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు లాక్కునే పీరియడని మనలో చాలామందికి అనుభవమే. రాజమహేంద్రవరం చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది.

1909 నుండి 1919 వరకు అక్కడి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. బొమ్మలు వేసే విద్యార్థులను ఆయన చేరదీశారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం ఆ నీడన ఎదిగినవారే. దొరగారి ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూలు ఆఫ్ ఆర్టులో చదివి, తిరిగివచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల నెలకొల్పారు. 1925లో, 28వ ఏట ఆయన కన్నుమూశారు. బడి మాత్రం మూతపడలేదు. మిత్రుడు వెంకటరత్నం దానిని నడిపించారు.

ఒక గురువు ఆదరణ ఇన్ని చేతులు మారింది. కనుక మిత్రులారా, మనవలు బొమ్మ గీసినా, ఫోటో తీసినా, "చదువుకోరా" అని కసిరేముందు ఒక్కసారి దాన్ని చూద్దాం.