బుల్లెట్టు కింద మరక

నిడదవోలులో మా నాన్నగారి పాత బుల్లెట్టు ఎక్కడ నిలబెడితే అక్కడ నల్లటి మరక. "బుల్లెట్టన్నాక కారాలండీ, కారట్లేదంటే లోపల ఆయిల్ లేనట్టే" అనేవాడు మెకానిక్కు. నేనూ నమ్మేశాను.

1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియాకి డిజైను ఇంగ్లండుదే. ఆ పోత ఇనుము ఇంజను పెద్ద మార్పుల్లేకుండా 2000ల చివరిదాకా నడిచింది. క్రాంక్‌కేసు నిలువుగా రెండు ముక్కలు, అతుకు అడుగుదాకా ఆయిల్లోనే. 1969 నాటి హోండా సీబీ750లో ఆ అతుకు అడ్డంగా, ఆయిలు మట్టానికి పైన ఉంటుంది. కాబట్టి మెకానిక్కుది పూర్తిగా తప్పని అనలేను.

కానీ మాది మూడుసార్లు ప్యాకింగులు మార్చినా ఆగలేదే! కిరోసిన్‌తో ఇంజను తుడిచి, ఆరాక పౌడరు చల్లి, స్టార్టు చేసి చూశాను. తడి ఒకచోట కాదు, అన్ని అతుకుల్లోనూ! అంటే లోపలి గాలికి దారి లేదు. బ్రీదర్ రబ్బరు గట్టిపడి మూసుకుపోయింది (బగ్గు ఒకచోట, ప్యాచీలు ఇంకోచోట). చిన్న రబ్బరుముక్క మార్చాక కారడం ఆగింది.

నాన్నగారు మాత్రం వారం రోజులు మూత తీసి, ఆయిల్ ఉందో లేదో చూస్తూనే ఉన్నారు.